గుండెయందలి యంత్రమునకు కావలి

శరీరమున యంత్రము నమర్చి ప్రాణము నిలుపు విద్య నేడు మనకు వింతగా తోచుట లేదు. మహానగరములలోనే కాదు, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల పల్లెలలో సయితము గుండెకు పేస్‌మేకరు పెట్టించుకొన్న వృద్ధులును, చెవిలో కాక్లియర్ యంత్రము నమర్చబడిన బాలురును కానవచ్చుచున్నారు. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకము ఈ రెండు చికిత్సలను బీదసాదలకు సయితము అందుబాటులోనికి తెచ్చినది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని ఈ యంత్రములను గూర్చి అడుగవలసిన ప్రశ్న యొకటి మన ప్రాంతమున నింకను బిగ్గరగా అడుగబడుట లేదు. యంత్రము దేహము లోపల నున్నది. దాని మీట మాత్రము వెలుపల నున్నది. ఆ మీటను వైద్యుడు త్రిప్పినచో చికిత్స యగును. వైద్యుడు గాక మరియొకరు త్రిప్పినను, లేక ఎవరును త్రిప్పకుండగనే అది తిరిగినను ఏమగును? అట్లు జరుగకుండుటకు కావలి యెవరు?

ఈ ప్రశ్న యంతరార్థము మా పాఠకులలో వ్యవసాయము గలవారికి ఎవరును విప్పి చెప్ప నక్కరలేదు. బోరుబావి మోటారులకు ఆటోస్టార్టరులు పెట్టు నలవాటు మన ప్రాంతమున చిరకాలము నుండి యున్నది. రాత్రివేళ కరెంటు వచ్చినప్పుడు పొలమునకు పోవు శ్రమ తప్పవలెనని దానిని పెట్టుకొనిరి. శ్రమ తప్పిన మాట నిజమే. కాని కరెంటు లేదు గదా యని మోటారుపై చేయి వేసి బాగుచేయుచున్న రైతునకు, ఆ క్షణముననే కరెంటు వచ్చి మోటారు తనంతట తాను తిరిగినచో, ఆ సదుపాయమే యమపాశ మగును. 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు ఇరువదినాలుగు గంటల విద్యుత్తు నిచ్చిన కాలమున, ఆటోస్టార్టరులను తొలగింపుడని ప్రభుత్వమే రైతులను కోరవలసి వచ్చెను. దూరము నుండి నడుపబడు ప్రతి యంత్రమునందును ఈ గుణమే కలదు. మనిషి యెదుట లేకుండ అది పనిచేయును. కావున మనిషి వలదన్నప్పుడును పనిచేయవచ్చును. పొలములోని మోటారు విషయమున ఈ సంగతి నెరిగిన మనము, గుండెలోని మోటారు విషయమున దానిని మరచి యుండుట తగదు.

ముందుగా ఈ యంత్రముల చరిత్రను కొంచెము స్మరింతము. సంపూర్ణముగా దేహములోపల నమర్చబడిన మొదటి పేస్‌మేకరు 1958 అక్టోబరు 8న స్వీడను దేశపు రాజధానియగు స్టాక్‌హోమునందు, కరోలిన్‌స్కా ఆసుపత్రిలో పెట్టబడెను. దానిని నిర్మించినవాడు రూనే ఎల్మ్‌క్విస్టు. శస్త్రచికిత్స చేసినవాడు ఓకె సెన్నింగు. ఆ మొదటి యంత్రము కొన్ని గంటలకే ఆగిపోయెను. కాని దానిని ధరించిన ఆర్నె లార్సను, అటుపిమ్మట ఒకదాని వెనుక నొకటిగా అనేక యంత్రములను మార్చుకొనుచు 2001 వరకు జీవించెను. గుండె మందగించినప్పుడు చిన్న విద్యుత్ప్రేరణతో దానిని నడిపించునది పేస్‌మేకరు. గుండె గతితప్పి చావునకు దారితీయు వేగముతో అదరునప్పుడు, పెద్ద విద్యుదాఘాతము నిచ్చి దానిని దారికి తెచ్చునది డీఫిబ్రిలేటరు. ఈ రెండవదానిని మిషెల్ మిరోవ్‌స్కీ యను వైద్యుని కృషిఫలముగా 1980 ఫిబ్రవరిలో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో మొదటిసారి మనుష్యుని దేహమున నమర్చిరి. పేస్‌మేకరు ప్రేరణ కొద్ది వోల్టులు మాత్రమే. డీఫిబ్రిలేటరు ఆఘాతము ఏడెనిమిదివందల వోల్టుల వరకు పోవును. అది అవసరమైన వేళ ప్రాణదాత. అనవసరమైన వేళ గుండెపై గుర్రపు తన్ను.

లోపల నున్న యంత్రమును మాటిమాటికి కోసి చూచుట సాధ్యము కాదు. కావున దానితో మాటలాడుటకు మూడు మార్గములు ఏర్పడినవి. మొదటిది అయస్కాంతము. పది గాస్ మాత్రపు అయస్కాంతబలము యంత్రమునకు సోకినచో లోపలి చిన్న మీట తిరుగును. అప్పుడు సాధారణముగా పేస్‌మేకరు గుండె సొంతలయను పట్టించుకొనక నియతవేగముతో కొట్టుచు పోవును. డీఫిబ్రిలేటరు అయస్కాంత మున్నంతసేపు ఆఘాత మిచ్చుట మానును. రెండవది, ప్రోగ్రామరు అను పరికరపు తలను చర్మముపై నానించి, కొద్ది అంగుళముల దూరము నుండి యంత్రమునకు ఆజ్ఞ లిచ్చుట. మూడవది రేడియో. దేహస్థ వైద్యయంత్రముల కొరకు ప్రత్యేకింపబడిన 402 మొదలు 405 మెగాహెర్ట్‌జుల తరంగములపై, గదిలో కొన్ని గజముల దూరము నుండి యంత్రముతో సంభాషించుట. రోగి మంచము ప్రక్క నుంచిన పెట్టె ఆ సమాచారమును గ్రహించి, ఇంటర్నెట్టు ద్వారా దూరపు వైద్యునకు పంపుట ఈ మూడవ మార్గపు విస్తరణమే. మార్గము పొడవైన కొలది సౌకర్యము పెరిగినది. సౌకర్యముతోపాటు, దారిలో పరాయివారు ప్రవేశింపదగిన సందులును పెరిగినవి.

యంత్రము అనుద్దేశముగా పనిచేయుట యెన్నివిధముల సంభవించునో విడదీసి చూడవలెను. అన్నిటిని కలగలిపి భయపడుటయు పొరపాటే, అన్నిటిని కలగలిపి కొట్టివేయుటయు పొరపాటే. మేము వీనిని నాలుగు తరగతులుగా చెప్పుదుము.

మొదటి తరగతి, ఆజ్ఞ కానిది ఆజ్ఞగా చెల్లుట. అయస్కాంతమునకు వైద్యుడెవరో తెలియదు. వైద్యుని చేతిలోనిదైనను, బొమ్మలోనిదైనను, ఫోనులోనిదైనను యంత్రమునకు ఒక్కటే. 2020లో వచ్చిన ఐఫోను 12లో చార్జరు అతుకుటకై వలయాకారపు అయస్కాంతములను ఉంచిరి. దానిని రోగి ఛాతీపై నుంచగా లోపలి డీఫిబ్రిలేటరు తన కావలి నాపివేసినదని అమెరికాలోని హెన్రీ ఫోర్డు ఆసుపత్రి వైద్యులు 2021 ఆరంభమున వైద్యపత్రికలో ప్రకటించిరి. ఫోనును దేహయంత్రమునకు పదునైదు సెంటీమీటర్ల దూరమునను, తీగలేని చార్జరుపై నున్నప్పుడు ముప్పది సెంటీమీటర్ల దూరమునను ఉంచవలెనని తయారీదారులే చెప్పిరి. మన మగవారు ఫోను నెక్కడ ఉంచుదురు? చొక్కా యెడమజేబులో. పేస్‌మేకరును వైద్యులు సాధారణముగా ఎక్కడ నమర్చుదురు? ఎడమ జత్రువు క్రింద. ఈ రెంటికి నడుమ నున్నది పలుచని గుడ్డయు చర్మమును మాత్రమే. ఇట్లే, వణుకురోగమునకు మెదడులో అమర్చు ప్రేరకయంత్రములను దుకాణపు ద్వారముల యొద్దనుండు దొంగతనము పట్టు తోరణములు ఆర్పుటయో వెలిగించుటయో జరుగవచ్చునని తయారీదారులు హెచ్చరించుచున్నారు. ఇందలి కష్టమేమనగా, యంత్రము తన పని మానినదని రోగికి వెంటనే తెలియకపోవచ్చును. నిద్రించు కావలివాడు నిద్రించుచున్నానని చెప్పడు గదా.

రెండవ తరగతి, చప్పుడును గుండెలయగా పొరబడుట. మన ప్రాంతమునకు అన్నిటికంటె దగ్గరిది ఇదియే. డీఫిబ్రిలేటరు గుండె విద్యుత్తును వినుచుండును. ఎర్తింగు సరిగా లేని మోటారునో, బట్టలుదుకు యంత్రమునో, నీటిగొట్టమునో తడిచేతితో తాకినప్పుడు, మనకు చేయి చిమచిమలాడునంత స్వల్పమైన కరెంటు దేహమున ప్రవహింపవచ్చును. ఆరోగ్యవంతునకు అది లెక్కలోనిది కాదు. కాని సెకనుకు ఏబదిమారులు ఊగునట్టి ఆ ప్రవాహము లోపలి యంత్రమునకు గుండె ప్రాణాంతకముగా అదరుచున్నట్లు తోచును. అది వెంటనే తన కర్తవ్యమనుకొని ఆఘాత మిచ్చును. పేస్‌మేకరు మీదనే ఆధారపడి యున్నవారి విషయమున దీనికి విపరీతము జరుగవచ్చును. గుండె తానే కొట్టుకొనుచున్నదని భ్రమించి యంత్రము ప్రేరణ నిచ్చుట మానవచ్చును. ఇట్టి సంఘటనలు వైద్యపత్రికలలో అనేకము నమోదై యున్నవి. ఇందు దుర్మార్గు డెవడును లేడు. దూరపు మీట యేదియు లేదు. భూమిలోనికి పోవలసిన తీగ భూమిలోనికి పోకుండుటయే అపరాధము.

మూడవ తరగతి, చికిత్స కొరకు పంపిన శక్తి యంత్రమున దూరుట. కీళ్లనొప్పులకు వేడి పెట్టు షార్ట్‌వేవ్ డయాథెర్మీ యను చికిత్స మన చిన్నపట్టణముల ఫిజియోథెరపీ గదులలో సయితము కలదు. మెదడులో ప్రేరకయంత్రము గల యిద్దరు రోగులు ఈ చికిత్స పొందిన పిమ్మట మరణించిరని 2002 డిసెంబరులో అమెరికా ఆహార ఔషధ సంస్థ వైద్యులను హెచ్చరించెను. రేడియోశక్తి లోపలి తీగ వెంబడి పోయి, కొనయందు కణజాలమును కాల్చుటయే కారణము. మోకాలి నొప్పికి వచ్చిన ముసలివానిని, "నీ దేహములో యంత్రమేదైన నున్నదా?" యని అడుగుటకు అర నిమిషము చాలును. ఆ యర నిమిషమును మిగుల్చుకొనుట కంటె నిష్ఫలమైన పొదుపు లేదు.

నాలుగవ తరగతి, బుద్ధిపూర్వకముగా పరాయివాడు మీట త్రిప్పుట. లోకమున ఎక్కువ సంచలనము కలిగించినది ఇదియే. కెవిన్ ఫూ, తడయోషి కోనో మొదలగు పరిశోధకులు 2008లో, తాము కూర్చిన రేడియో పరికరముతో ఒక డీఫిబ్రిలేటరు సమాచారమును చదువవచ్చుననియు, దాని యమరికలను మార్చవచ్చుననియు ప్రయోగశాలలో నిరూపించిరి. బార్నబీ జాక్ అనునతడు 2012లో, దూరము నుండి లాప్‌టాపుతో ఒక యంత్రముచేత 830 వోల్టుల ఆఘాతము నిప్పింపవచ్చునని ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్నున ప్రదర్శించెను. అమెరికా ఉపాధ్యక్షుడుగా నున్న డిక్ చెనీకి 2007లో అమర్చిన యంత్రపు రేడియో మార్గమును ఆయన వైద్యుడే ముందుజాగ్రత్తగా మూయించెనని 2013లో వెల్లడి యయ్యెను. 2017 ఆగస్టు 29న, అబ్బాట్ సంస్థ యాజమాన్యమున నున్న సెయింట్ జూడ్ పేస్‌మేకరులలో ఇట్టి లోపమును సవరించుటకై ఒక్క అమెరికాలోనే 4,65,000 యంత్రములకు క్రొత్త ప్రోగ్రాము అవసరమని ప్రకటింపబడెను. 2019 మార్చిలో మెడ్‌ట్రానిక్ డీఫిబ్రిలేటరుల రేడియో సంభాషణలో పంపినవాడెవడో విచారించు పద్ధతియే లేదని హెచ్చరిక వెలువడెను. దేహమునకు వెలుపల ధరించు ఇన్సులిన్ పంపుల దూరపు మీటలను 2021 అక్టోబరులో ఆ సంస్థయే పూర్తిగా వెనుకకు పిలిపించుకొనెను. ఒకమారు పంపిన ఆజ్ఞను దారిలో పట్టి, మరల పంపి, రోగి కోరని ఇన్సులినును ఎక్కింపవచ్చునను భయమే దానికి హేతువు.

ఈ చరిత్ర నంతటిని చెప్పి, పాఠకులను భయపెట్టుట మా యుద్దేశము కాదు. 2017, 2019 సంవత్సరముల హెచ్చరికలలోనే, ఈ లోపములవలన ఏ రోగికిని హాని జరిగినట్లు తమకు తెలియరాలేదని అధికారులు స్పష్టముగ వ్రాసిరి. మొదటి మూడు తరగతుల విషయమున అట్లు వ్రాయుటకు వీలులేదు. అందు నిజముగా దెబ్బతిన్న రోగులు కలరు. కావున దూరదేశమున లాప్‌టాపు ముందు కూర్చున్న దుర్మార్గుని గూర్చి కథలు చెప్పుకొనుట కంటె, మన యింటిలోని ఎర్తింగును, మన జేబులోని ఫోనును, మన పట్టణములోని ఫిజియోథెరపీ గదిని ముందుగా చూచుకొనుట వివేకము. అయినను నాలుగవ తరగతిని ఉపేక్షింప రాదు. ఏలయన మొదటివాని నుండి రోగి కొంతవరకు తన్ను తాను కాపాడుకొనగలడు. చివరిదాని నుండి అతనిని కాపాడగలవారు తయారీదారులును, ప్రభుత్వమును మాత్రమే.

ఇచ్చట నొక ధర్మసంకటము కలదు. మీటకు గట్టి తాళము వేయుడని చెప్పుట సులభము. కాని కోరుట్ల రోగి యొకడు స్పృహతప్పి జగిత్యాల ఆసుపత్రికి తేబడినాడనుకొందము. యంత్రము హైదరాబాదులోని యొక వైద్యుని తాళపుచెవికి మాత్రమే తెరచుకొనునదైనచో, ఎదుట నున్న వైద్యుడు చేతులు కట్టుకొని చూడవలసినదే. తాళము లేని యింటికి దొంగభయము. తాళపుచెవి దొరకని యింటికి అగ్నిభయము. ఈ రెంటి నడుమ దారి లేకపోలేదు. దూరము నుండి వచ్చు రేడియో ఆజ్ఞకు గట్టి తాళము వేయవలెను. రోగి చెంత నిలిచి చర్మముపై పరికరము నానించువానికి మాత్రము అత్యవసరద్వారము తెరచి యుంచవలెను. రోగి దేహమును ముట్టుకొనగల సామీప్యమే ఒక విధమగు తాళపుచెవి. అయస్కాంతము ఈనాటికిని వైద్యుల చేతిలో నుండుటకు కారణమిదియే. ఈ సౌకర్యమును తీసివేయుడని మేము చెప్పము. దానిని దుర్వినియోగము కాకుండ చూడుడని చెప్పుదుము.

యంత్రనిర్మాణమున పాటింపవలసిన సూత్రములు మర్మములు కావు. ఏ ప్రమాదకరమైన ఆజ్ఞయు ఒక్క అడుగులో నెరవేరరాదు. మొదట సమీపమున పరికరము నానించి సంభాషణ తెరువవలెను, పిదప ఆజ్ఞ నిచ్చి, మరల దానిని ధ్రువపరుపవలెను. ప్రతి యాజ్ఞయు ఫలానా యంత్రమునకే ఉద్దేశింపబడినదను గుర్తును, దారిలో చెడలేదను సాక్ష్యమును, పాతయాజ్ఞ మరల రాలేదను ముద్రను కలిగియుండవలెను. సంభాషణ కొంతసేపటికి తనంతట తాను ముగియవలెను. ఎవరు చెప్పినను మీరరాని హద్దులు యంత్రములోపలనే యుండవలెను. గుండెను అమితవేగముతో కొట్టుమని సాక్షాత్తు వైద్యుడు పొరపాటున చెప్పినను అది వినరాదు. సందేహము కలిగినచో యంత్రము సురక్షితమగు సాధారణస్థితికి రావలెను గాని, ఆగిపోరాదు. జరిగిన ప్రతి మార్పును అది వ్రాసి యుంచుకొనవలెను. తన స్థితి మారినచో శబ్దముచేతనో కంపముచేతనో రోగికి తెలుపవలెను. అబ్బాట్ యంత్రముల సవరణ కాలమున ఈ పద్ధతియే కొంతవరకు పాటింపబడెను. రోగి ఆసుపత్రికి స్వయముగా రావలెను; సవరణకు సుమారు మూడు నిమిషములు పట్టును; అంతవరకు యంత్రము నిమిషమునకు 67 మారులు కొట్టు రక్షణస్థితిలో నుండును. ఇంటి నుండియే సవరింపవచ్చునను ప్రలోభమునకు లొంగకుండుట మంచిపని.

ఇక మన దేశపు చట్టముల సంగతి. వైద్యపరికరముల నియమావళి 2017లో వెలువడి, 2018 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. పేస్‌మేకరులు, డీఫిబ్రిలేటరులు అందు అత్యధిక అపాయము గల డి తరగతికి చేరినవి. 2020 ఏప్రిల్ 1 నుండి వైద్యపరికరములన్నియు ఔషధచట్టపు పరిధిలోనికి తేబడినవి. పరికరములవలని హానులను నమోదు చేయుటకు 2015 జూలై 6న మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమము ఇండియన్ ఫార్మకోపియా కమిషను ఆధ్వర్యమున గాజియాబాదునందు ప్రారంభింపబడెను. కాగితముపై గల ఈ కట్టుదిట్టములు కోరుట్లలోని రోగి దాక ఎట్లు చేరుననునదియే ప్రశ్న. అమెరికాలో 2022 డిసెంబరున చేసిన శాసనము, క్రొత్తగా అనుమతి కోరు తయారీదారుడు తన యంత్రములోని ప్రోగ్రాము భాగముల పట్టికను, లోపములు బయటపడినచో సవరించు ప్రణాళికను ముందుగా సమర్పింపవలెనని విధించినది. దిగుమతి యగు యంత్రమునకు అక్కడ అడిగిన పూచీని ఇక్కడ అడుగకుండుటకు కారణము కానరాదు. మన రోగి గుండె వారి రోగి గుండె కంటె చవుకైనది కాదు.

ఇందు మిక్కిలి ముఖ్యమైనది రోగుల జాబితా. దీని యావశ్యకతను జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థవారి తుంటికీలు వ్యవహారము మనకు కఠినముగ బోధించినది. ఆ కీళ్లను 2010 ఆగస్టులో ప్రపంచమంతట వెనుకకు పిలిపించిరి. మన దేశమున సుమారు 4,700 శస్త్రచికిత్సలు జరిగి యుండగా, కేంద్రప్రభుత్వము నియమించిన సంఘము విచారించునాటికి దాదాపు 3,600 మంది జాడ తెలియకుండెను. పరిహారము నిర్ణయించినను పుచ్చుకొనవలసినవా రెవరో తెలియని దుస్థితి యది. తుంటికీలు కదలక యొకచోట నుండు లోహపుముక్క. గుండెయంత్రములో రేపొక లోపము బయటపడి, సవరణ చేయించుకొనుడని ప్రకటన వెలువడినచో, సిరిసిల్లలో సాంచాలు నడుపువానికి, కోరుట్లలో బీడీలు చుట్టునామెకు, దుబాయి పోయిన రాయికల్ కూలికి ఆ వార్త చేర్చువారెవరు? ఫోను నంబరు మారినది, అద్దెయిల్లు మారినది, అమర్చిన వైద్యుడు ఆసుపత్రి మారినాడు. రోగి చేతిలో కార్డొకటి యుండవచ్చును, అదియు ఇంగ్లీషులో నుండును. పెట్టెలో పట్టుచీర మడతలలో భద్రముగ నుండును.

కావున మా సూచనలు ఇవి. ఆరోగ్యశ్రీ క్రింద అమర్చిన ప్రతి దేహయంత్రపు పేరు, సంఖ్య, తేదీ ఆ పథకపు కార్యాలయమున నొక ప్రత్యేక పట్టికలో నుండవలెను. యేడాది కొకమారు రోగిచిరునామా సరిచూడవలెను. పథకమే సొమ్ము చెల్లించుచున్నది గావున ఈ వివరములు దాని చేతిలోనికి వచ్చియే తీరును. వానిని రోగి రక్షణకు సయితము వినియోగింపుడనియే మా కోరిక. రెండవది, రోగికిచ్చు కార్డును, జాగ్రత్తల పత్రమును తెలుగులోను, అవసరమైనచో ఉర్దూలోను ముద్రింపవలెను. మూడవది, యంత్రపరీక్ష. ఒక సంస్థ ప్రోగ్రామరు మరియొక సంస్థ యంత్రమును చదువలేదు. పరికరము తరచుగా సంస్థ ప్రతినిధి సంచిలో తిరుగుచుండును. జగిత్యాలలో 2022లోను, సిరిసిల్లలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు వెలసినవి. వానియందు నెలకొక దినమున అన్ని ప్రధానసంస్థల పరికరములతో పేస్‌మేకరు పరీక్ష జరిపినచో, ఆరునెలలకో యేడాదికో చేయింపవలసిన పరీక్ష కొరకు ముసలివారు హైదరాబాదు బస్సెక్కు బాధ తప్పును. యంత్రము తన జ్ఞాపకమున వ్రాసియుంచుకొన్న అకాలపు ఆఘాతములు, పొరపాటు స్పందనలు అప్పుడే బయటపడును. పరీక్ష లేని యంత్రము సాక్ష్యము చెప్పదలచినను వినువాడు లేని సాక్షి వంటిది.

నాలుగవది, విద్యుత్తు. సిరిసిల్ల ప్రాంతమున 1970లో స్థాపితమైన సహకార విద్యుత్ సరఫరా సంఘము, ప్రజలు సెస్ అని పిలుచునది, దేశమునకే ఆదర్శప్రాయమైన ప్రయత్నముగా పేరొందినది. జగిత్యాల ప్రాంతమును ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ చూచుచున్నది. దేహయంత్రము గలవారి యిండ్లలోను, వారు పనిచేయు సాంచాల కార్ఖానాలలోను ఎర్తింగును ఉచితముగ పరీక్షించి, లీకుకరెంటును వెంటనే త్రుంచివేయు రక్షకమీట నమర్చుకొనునట్లు ప్రోత్సహించుట ఈ సంస్థల శక్తికి మించిన పని కాదు. ఆ మీట యొక రోగిని మాత్రమే గాక, ఆ యింటి పిల్లలను, పశువులను సయితము కాపాడును. బోరుబావి మోటారు గల రైతు పేస్‌మేకరు ధరించినవాడైనచో, తడికాళ్లతో స్టార్టరు డబ్బాను ముట్టు పనిని కుమారునకో పాలేరునకో కాదు, సరియైన ఎర్తింగు పెట్టించిన పిదపనే ఎవరికైనను అప్పగింపవలెను. ఒకరి గుండెను కాపాడుటకు మరియొకరి ప్రాణమును పణముగా నొడ్డుట ధర్మము కాదు.

రోగులును, వారి కుటుంబములును పాటింపదగిన నియమములు కష్టమైనవి కావు. ఫోనును యంత్ర మున్న వైపు జేబులో నుంచరాదు. రెండవ చెవితో మాటలాడవలెను. ఇండక్షను పొయ్యికిని, వెల్డింగు పనికిని రెండడుగుల దూరము పాటింపవలెను; వెల్డింగే వృత్తి యైనచో వైద్యుని యడుగక చేయరాదు. గల్ఫు దేశములకు పోవువారు శంషాబాదు విమానాశ్రయమున యంత్రపు కార్డును చూపి, తనిఖీ తోరణము గుండ నిలువక నడచిపోవలెను. చేతిపరికరమును ఛాతీపై నిలిపి యుంచవలదని కోరవలెను. ఏ వైద్యుని వద్దకు పోయినను, పంటివైద్యుని వద్దకైనను, మొదట చెప్పవలసిన మాట యంత్రము సంగతి. ఆఘాతము తగిలినచో, తగ్గినది గదా యని ఊరకుండక యంత్రమును చదివింపవలెను. అది రోగమువలన వచ్చినదో, ఎర్తింగు లేమివలన వచ్చినదో ఆ పరీక్షయే చెప్పును.

మరియొక మాట చెప్పుటకు మనసొప్పకున్నను చెప్పక తప్పదు. యంత్రము ధరించినవారు కాలధర్మము చెందినప్పుడు దహనమునకు ముందు దానిని తీయింపవలెను. లోపలి బ్యాటరీ వేడికి ప్రేలును. ఇంగ్లండులో 1976లోనే శ్మశానవాటిక యందు ఇట్టి ప్రేలుడు సంభవించెను. డీఫిబ్రిలేటరు విషయమున మరింత జాగ్రత్త వలయును. గుండె ఆగినను యంత్ర మాగదు. దాని తీగను కత్తిరించువాని చేతికి అది ఆఘాత మీయవచ్చును. కావున మొదట ప్రోగ్రామరుతో దానిని నిద్రపుచ్చి, పిదప తీయవలెను. ఈ సంగతిని దుఃఖసమయమున కాక, కార్డు నిచ్చునాడే కుటుంబమునకు తెలుపుట వైద్యుల విధి.

యంత్రము మానవుని దాసుడుగా నున్నంతకాలము వరము. దాసుడు ఎవరి మాట వినవలెనో యెరుగకున్నచో ఆ వరమే శంకాస్పదమగును. ఈ విషయమున మన ప్రాంతము క్రొత్త విజ్ఞానమును కనిపెట్టవలసిన పని లేదు. యంత్రము నమర్చినవాడు జాబితా నుంచుట, పంపిణీదారుడు పూచీ వహించుట, విద్యుత్సంస్థ తీగను భూమిలోనికి దించుట, వైద్యుడు ఒక ప్రశ్న యడుగుట, రోగి తన జేబు మార్చుకొనుట, ఇంతమాత్రమే కావలసినది. వీనిలో నొక్కటియు అసాధ్యము కాదు. ఒక్కటియు మిక్కిలి ఖరీదైనదియు కాదు. లక్షల రూపాయలు వెచ్చించి గుండెను నిలిపిన ప్రభుత్వము, వందల రూపాయల కావలికి వెనుదీయుట శోభింపదు. జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాల అధికారులును, శాసనసభ్యులును, వైద్యకళాశాలల పెద్దలును ఈ పనిని తామే మొదలిడి ఇతర జిల్లాలకు మార్గదర్శకు లగుదురని ఆశించుచున్నాము.